కటాఫ్ తిప్పితే సౌండ్ పోయింది, కీబోర్డు చెడిపోయిందా మాస్టారూ?

ప్రశ్న: మాస్టారూ, మాది గుంటూరు బ్రాడీపేట. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాను. ముహూర్తాలున్నప్పుడు పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాతో కూడా వెళ్తుంటాను. మా బాబాయి వాడిన కీబోర్డు నాకిచ్చారు. దాని మీద కటాఫ్, రెజొనెన్స్, అటాక్, రిలీజ్ అని నాలుగు నాబ్‌లు ఉన్నాయి. మొన్న ఒక పెళ్లిలో పాట మధ్యలో చెయ్యి తగిలి కటాఫ్ తిరిగిపోయింది. స్ట్రింగ్స్ సౌండ్ దాదాపు వినపడకుండా పోయింది. టెన్షన్‌లో స్విచ్ ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తే బాగైంది. ఇంకోసారి అటాక్ పెంచితే వేగంగా వాయించే స్వరాలు అసలు పలకలేదు. అప్పటి నుంచి ఆ నాబ్‌ల జోలికి పోవడం లేదు. అసలు ఇవి ఎందుకు? నాది సింథసైజరేనా, మామూలు కీబోర్డా? అందులో నాదస్వరం టోన్ విజిల్‌లా ఉంది, నేనే మంచిది తయారు చేసుకోగలనా? టోన్లు ఎక్కువున్న కీబోర్డు కొనుక్కోమని బాబాయి అంటున్నారు, అనలాగ్ సింథ్ కొనమని ఆర్కెస్ట్రాలో ఒక అన్న అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

సమాధానం: బాబూ, మాస్టారూ అన్నావు కాబట్టి నేనూ చనువుగా నువ్వు అనే అంటాను.

నీ కీబోర్డుకు ఏమీ కాలేదు. కటాఫ్ బాగా కిందికి తిరిగితే ఏ కీబోర్డైనా అలాగే మూగబోతుంది. ఆ నాబ్ పని అదే. అటాక్ పెంచితే స్వరాలు పలకకపోవడం కూడా రిపేరు కాదు. రెండింటికీ కారణం చెప్తాను. ముందు ఒక్క మాట. ఆ నాలుగు నాబ్‌లు నీ కీబోర్డు మీద ఉన్న వందల టోన్ల కంటే విలువైనవి. టోన్లన్నీ ఎవరో తయారుచేసి లోపల పెట్టినవి. ఆ నాబ్‌లు మాత్రం అవి తయారైన పద్ధతిలో కొంత భాగాన్ని నీ చేతికిచ్చాయి. జోలికి పోకుండా కూర్చుంటే నష్టం నీకే.

ఇక సింథసైజరేనా అన్న ప్రశ్న. అమెరికాలో రాబర్ట్ మూగ్ 1964లో చేసిన యంత్రాల్లో సౌండు పుట్టించే ఆసిలేటర్, దాన్ని వడకట్టే ఫిల్టర్, బలాన్ని నడిపే యాంప్లిఫైయర్ దేనికది విడి పెట్టెలు. వాటిని వైర్లతో కలుపుకోవాలి. మన దేశానికి అలాంటిది తొందరగానే వచ్చింది. 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో డేవిడ్ ట్యూడర్ అనే అమెరికన్ సంగీతకారుడు మూగ్ సింథసైజర్‌తో స్టూడియో పెట్టించాడు. 1970లో మినీమూగ్ వచ్చాక ఆ పెట్టెలన్నీ ఒకే బల్ల మీదికి చేరాయి, వైర్ల గొడవ పోయింది. దాని ఫొటో ఒకటి ఫోన్‌లో వెతికి చూడు. ఎడమ నుంచి కుడికి వరసగా ఆసిలేటర్లు, మిక్సర్, ఫిల్టర్, చివర అవుట్‌పుట్ కనిపిస్తాయి. సౌండ్ నడిచే దారి కూడా అదే వరస. ఇప్పటికీ ఎంతో మంది ఆ వరసనే పాటిస్తున్నారు.

నీ కీబోర్డులో ఈ దారి మొదట్లో ఒక్కటే తేడా. అక్కడ ఆసిలేటర్ ఉండాల్సిన చోట అసలు వాయిద్యాలను రికార్డ్ చేసి దాచిన చిన్న ముక్కలుంటాయి, వాటిని శాంపిల్స్ అంటారు. పుట్టిన సౌండు ఆ తర్వాత ఫిల్టర్‌లోకి, అక్కడి నుంచి వాల్యూమ్‌ను నడిపే భాగంలోకి పోవడం మాత్రం అంతా ఒకటే. కాబట్టి నీది శాంపిల్స్‌తో నడిచే సింథసైజర్ అనుకో, తప్పు లేదు.

సౌండ్ పుట్టే చోటు నుంచి మొదలుపెడదాం. ఆసిలేటర్ ఒకే ఆకారాన్ని సెకనుకు ఇన్నిసార్లని తిప్పి తిప్పి వదులుతుంది. మధ్య సి (C) కి కింద ఉన్న ఎ (A) మెట్టు నొక్కితే సెకనుకు 220 సార్లు. స్వరం ఎంత ఎత్తున ఉందో ఆ సంఖ్య చెప్తుంది. ఆ స్వరం ఎలా వినిపిస్తుందో, అంటే నునుపుగానా గరుగ్గానా అన్నది ఆ ఆకారం చెప్తుంది. సైన్ అనే ఆకారంలో 220 ఒక్కటే ఉంటుంది, ఇంకేమీ ఉండదు. ఈల వేసినట్టు బోసిగా వినిపిస్తుంది. సా టూత్ అనే రంపం పళ్ల ఆకారంలో 220తో పాటు 440, 660, 880, 1100 ఇలా పైకి అన్ని గుణిజాలూ ఉంటాయి. రెండోది మొదటిదాంట్లో సగం బలం, మూడోది మూడో వంతు, అలా తగ్గుకుంటూ పోతాయి. వీటినే హార్మోనిక్స్ అంటారు.

నీకు కాస్త కర్ణాటక సంగీతం తెలిసి ఉంటే ఇక్కడ అసలు మజా ఉంది. 220ని షడ్జమం అనుకో. 440 తారా షడ్జమం. 660 ఆ పైన పంచమం. 880 మళ్లీ షడ్జమం. 1100 ఆ పైన అంతర గాంధారం. 1320 పంచమం. ఏడోది కైశికి నిషాదం కంటే కాస్త దిగువన నిలబడుతుంది, మన స్వరస్థానాల్లో సరిగ్గా కూర్చోదు. ఎనిమిదోది మళ్లీ షడ్జమం. తంబూరా తీగలను బాగా శ్రుతి చేసినప్పుడు ఎవరూ మీటకుండానే గాంధారం వినిపిస్తుందని పెద్దలు చెప్తారే, అది ఈ అయిదో హార్మోనిక్కే. ఒక్క సా టూత్ స్వరంలో ఇన్ని స్వరాలు ఇరుక్కుని కూర్చున్నాయన్నమాట. వాటిలో ఏవి ఉంచాలి, ఏవి కోసేయాలి అన్నదే సింథసైజర్ వాయించేవాడి పనిలో ముప్పాతిక.

స్క్వేర్ అనే ఆకారంలో ఒకటి, మూడు, అయిదు, ఏడు, ఇలా బేసి హార్మోనిక్సే ఉంటాయి. నడుమ పైషడ్జమాలు ఉండవు. అందుకే లోపల డొల్లగా, క్లారినెట్ కింది స్థాయిలో పలికినట్టు ఉంటుంది. ట్రయాంగిల్‌లోనూ బేసివే, కానీ పైకి పోయేకొద్దీ చాలా త్వరగా బలహీనపడతాయి కాబట్టి సైన్‌కు దగ్గరగా మెత్తగా ఉంటుంది. స్క్వేర్‌లో సగం కాలం పైన, సగం కాలం కింద ఉండే గీతను సన్నం చేస్తే, అంటే పైన ఉండే కాలాన్ని 10 శాతానికో 15 శాతానికో తగ్గిస్తే, దాన్ని పల్స్ అంటారు. అప్పుడు సరి హార్మోనిక్స్ కూడా వచ్చి చేరతాయి, సౌండు ముక్కుతో పాడినట్టు అవుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకో, నాదస్వరం దగ్గర కావాలి. చివరిది నాయిస్. పాత టీవీలో సిగ్నల్ పోయినప్పుడు వచ్చే బుస్. దానికి స్వరం ఉండదు గానీ ఊదే గాలి, తాళాల చప్పుడు, స్నేర్ డ్రమ్ము అన్నిటికీ అదే ముడిసరుకు.

రెండు ఆసిలేటర్లు ఉంటే రెండోదాన్ని కాస్త అపశ్రుతి చేస్తారు. 440 పక్కన 441 పెడితే సెకనుకు ఒకసారి ఊగుతుంది. సింథ్‌ల మీద ఈ తేడాను సెంట్లలో చూపిస్తారు, పక్కపక్కనున్న రెండు మెట్ల మధ్య దూరం 100 సెంట్లు. అయిదు నుంచి పది సెంట్ల తేడా పెడితే పది మంది వయొలిన్లు పట్టుకున్నట్టు నిండుగా ఉంటుంది. ఇరవై దాటితే మైకు పట్టుకున్న గాయకుడు నీ వైపు ఉరిమి చూస్తాడు.

ఇప్పుడు నిన్ను భయపెట్టిన కటాఫ్. ఫిల్టర్లలో ఎక్కువగా వాడేది లో పాస్. కటాఫ్ నాబ్ ఒక గీత గీస్తుంది. ఆ గీతకు కిందున్న హార్మోనిక్స్‌ను వదిలేస్తుంది, పైనున్నవాటిని అణచేస్తుంది. గీత దగ్గర గోడ కట్టినట్టు ఒక్కసారిగా ఆపదు, వాలుగా తగ్గిస్తుంది. మూగ్ పేరు నిలబెట్టిన ఫిల్టర్ వాలు ఆక్టేవుకు, అంటే షడ్జమం నుంచి పైషడ్జమం దాకా ఉన్న దూరానికి, 24 డెసిబెల్స్. కటాఫ్ 700 దగ్గర పెడితే 1400 దగ్గరున్న హార్మోనిక్ బలం దాదాపు పదహారో వంతుకు పడిపోతుంది. 12 డెసిబెల్స్ ఫిల్టర్ అయితే నాలుగో వంతుకే పడుతుంది కాబట్టి పైన కొంచెం గాలి మిగులుతుంది. పెళ్లిలో నీ చెయ్యి తగిలినప్పుడు ఆ గీత బాగా దిగువకు, నువ్వు వాయిస్తున్న స్వరాలకు కూడా కిందికి వెళ్లిపోయింది. హార్మోనిక్స్ సరే, అసలు స్వరమే అణిగిపోయింది. ఇంకోసారి అలా జరిగితే ఆఫ్ చేయొద్దు, కీబోర్డు మళ్లీ లేచేలోపు ఒక చరణం పోతుంది. ఇలాంటి కీబోర్డుల మీద మామూలుగా ఆ నాబ్‌లు టోన్‌లో ముందే ఉన్న విలువను పైకో కిందికో జరుపుతాయి. నాబ్‌ను మధ్యకు తెస్తే దాదాపు మొదటి సౌండే వస్తుంది. లేదా అదే టోన్ బటన్ మళ్లీ నొక్కి చూడు, చాలావాటిలో అదీ పని చేస్తుంది. రెండూ ఇంట్లోనే పరీక్షించుకో.

రెజొనెన్స్ పని వేరు. కటాఫ్ గీత దగ్గరున్న సన్నని భాగాన్ని అది ఎత్తి చూపిస్తుంది. దీన్ని మాటల్లో చెప్పడం కంటే నీ చెవితోనే వినాలి. ఇలా చెయ్యి. సా లీడ్ (సా టూత్‌తో చేసిన లీడ్) లాంటి గరుకు టోన్ తీసుకో. వాల్యూమ్ తగ్గించు, ఎందుకో తర్వాత చెప్తాను. కింది స్థాయిలో ఒక్క మెట్టు నొక్కి పట్టుకో, అదే నీ షడ్జమం. రెజొనెన్స్ ముప్పాతిక వరకు పెంచు. కటాఫ్‌ను పూర్తిగా దించి, ఇప్పుడు చాలా నెమ్మదిగా, గడియారం ముల్లు నడిచినంత నెమ్మదిగా పైకి తిప్పు. షడ్జమం మీద ఒక్కో స్వరం తలెత్తుతుంది. ముందు పైషడ్జమం, తర్వాత పంచమం, మళ్లీ షడ్జమం, తర్వాత గాంధారం. నువ్వు ఒకే మెట్టు మీద వేలు పెట్టావు, పైన మాత్రం ఆరోహణ నడుస్తోంది. ఇప్పటి దాకా నేను పేర్లతో చెప్పిన హార్మోనిక్స్ అవే. ఈ ఒక్క సాధన చేస్తే ఫిల్టర్ గురించి ఇంకెవరినీ అడగక్కర్లేదు. నీ కీబోర్డులో శాంపిల్ ఉంటుంది కాబట్టి, నాబ్ మెట్లు మెట్లుగా కదులుతుంది కాబట్టి అంత స్పష్టంగా రాకపోవచ్చు. కింద చెప్పే సాఫ్ట్‌వేర్‌లో బ్రహ్మాండంగా వస్తుంది.

వాల్యూమ్ తగ్గించమన్నది ఇందుకు. కొన్ని ఫిల్టర్లలో రెజొనెన్స్ చివరి దాకా పెంచితే ఫిల్టర్ దానంతటదే కీచుమని మోగడం మొదలుపెడుతుంది. హెడ్‌ఫోన్స్‌లో అయితే చెవికి, స్టేజీ మీద అయితే పెద్ద స్పీకర్లలోని ట్వీటర్లకు ప్రమాదం. కానీ అదుపులో ఉంటే ఇదే గొప్ప వాయిద్యం. 1982లో బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ అనే సంగీతకారుడు రోలాండ్ కంపెనీ జూపిటర్-8 సింథ్, టీబీ-303 బేస్ యంత్రం, టీఆర్-808 డ్రమ్ యంత్రం పెట్టుకుని హిందుస్తానీ రాగాలతో ఒక రికార్డు చేశాడు. అందులో 303 బేస్ మీద కటాఫ్, రెజొనెన్స్ కదిలే తీరు విను. అమెరికా, యూరప్ క్లబ్బులను యాసిడ్ హౌస్ అనే పేరుతో ఊపేసిన సంగీతం ఆ తర్వాత వచ్చింది. అప్పట్లో ఇక్కడ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, అది వేరే కథ.

ఇక కాలం సంగతి. సౌండ్ ఎప్పుడు ఎలా మారాలో చెప్పేది ఎన్వలప్. నాలుగు దశలు: అటాక్, డికే, సస్టెయిన్, రిలీజ్. మెట్టు నొక్కాక సౌండు పూర్తి బలానికి చేరడానికి పట్టే సమయం అటాక్. అక్కడి నుంచి కాస్త దిగడానికి పట్టేది డికే. వేలు తీసేదాకా ఏ మట్టంలో నిలబడాలో అది సస్టెయిన్. వేలు తీశాక పూర్తిగా ఆగడానికి పట్టేది రిలీజ్. మూడు సమయాలు, ఒకటి మాత్రం మట్టం. ఇక్కడ అందరూ తికమకపడతారు. సస్టెయిన్ పెంచితే సౌండు ఎక్కువసేపు సాగుతుందనుకుంటారు. సాగదు, వేలు ఉన్నంతసేపు ఎంత గట్టిగా ఉండాలో అంతే చెప్తుంది. కాలి కింది సస్టెయిన్ పెడల్ ఇంకో సంగతి, అది వేలు తీసినా తీయలేదని కీబోర్డును నమ్మిస్తుంది.

నీ రెండో అనుమానం ఇప్పుడు తేలిపోయి ఉంటుంది. అటాక్ అర సెకను పెట్టి వేగంగా వాయిస్తే ప్రతి స్వరం పైకి ఎక్కడం మొదలుపెట్టేలోపే నీ వేలు లేచిపోతోంది. స్వరం పలకలేదని నీకనిపిస్తుంది. అది ప్యాడ్‌కు, అంటే వెనక నెమ్మదిగా పరుచుకునే సౌండుకు పనికొచ్చే సెట్టింగు, పియానోకు పనికిరాదు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. చాలామంది కీబోర్డు వాయించేవాళ్లు ఎన్వలప్ అంటే వాల్యూమ్‌దే అనుకుని ఆగిపోతారు. మంచి సింథ్‌లలో ఫిల్టర్‌కు కూడా విడిగా ఒక ఎన్వలప్ ఉంటుంది. ప్రాణం అక్కడుంది. వీణ తీగను మీటినప్పుడు జాగ్రత్తగా విను. మీటిన క్షణంలో ఖంగుమని పై హార్మోనిక్స్ అన్నీ ఉంటాయి. వెంటనే అవి ఆరిపోతాయి, తీగ మాత్రం ఇంకా మోగుతూనే ఉంటుంది, మెత్తగా. అంటే పైవి ముందు పోతాయి, కిందివి నిలుస్తాయి. సింథ్‌లో అదే చెయ్యాలంటే ఫిల్టర్ ఎన్వలప్ డికేను వాల్యూమ్ ఎన్వలప్ డికే కంటే బాగా పొట్టిగా పెట్టు. ఫిల్టర్‌కు 400 మిల్లీసెకన్లు, వాల్యూమ్‌కు రెండు సెకన్లు, రెండింటికీ సస్టెయిన్ సున్నా. సా టూత్ మీద ఇంత చేస్తే చాలు, తీగ వాయిద్యం జాతి ఏదో పలుకుతోందని ఎవరైనా గుర్తుపడతారు. రెండు డికేలనూ సమానం చేసి చూడు, వెంటనే బొమ్మ కీబోర్డు అయిపోతుంది. ఇదే తేడా. ఒక టోన్ బాగుంది, ఇంకోటి చవకబారుగా ఉంది అని మనం అనేవాటిలో చాలా భాగం ఇక్కడే తేలుతుంది. మెట్టును గట్టిగా కొడితే కటాఫ్ పెరిగేలా వెలాసిటీని ఫిల్టర్‌కు కలుపు, అప్పుడు వేలి బలం స్వరం రంగులో కూడా తెలుస్తుంది, వాల్యూమ్‌లో ఒక్కటే కాదు.

ఎల్ఎఫ్ఓ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. వినపడనంత నెమ్మదిగా తిరిగే ఆసిలేటర్ అది, మామూలుగా సెకనుకు 20 సార్ల లోపు. దాన్ని స్వరానికి కలిపితే వైబ్రాటో, వాల్యూమ్‌కు కలిపితే ట్రెమొలో, కటాఫ్‌కు కలిపితే వావ్ వావ్‌మనే ఊపు. సెకనుకు అయిదారుసార్లు ఉంటే గొంతు వణుకులా సహజంగా ఉంటుంది. దీన్ని ఎప్పుడూ మాడ్యులేషన్ వీల్‌కు కట్టెయ్యి, కావలసినప్పుడే రానివ్వు. మొదటి నుంచి చివరి దాకా వణికే లీడ్ టోన్ వింటే నాకు విసుగు.

నాదస్వరం సంగతికి వద్దాం. నాదస్వరానికి పీక ఉంటుంది, లోపలి గొట్టం చివరికి వెడల్పవుతుంది. అలాంటి వాయిద్యంలో సరి, బేసి హార్మోనిక్స్ రెండూ ఉంటాయి. అందుకే స్క్వేర్‌తో మొదలుపెడితే ఎంత తిప్పినా క్లారినెట్టే వస్తుంది. సన్నని పల్స్, 15 శాతం దగ్గర పెట్టు. లో పాస్ కటాఫ్ 3000 నుంచి 4000 మధ్య, రెజొనెన్స్ కొద్దిగా. వాల్యూమ్ అటాక్ 20 లేదా 30 మిల్లీసెకన్లు, సస్టెయిన్ పూర్తిగా, రిలీజ్ పొట్టిగా. నాయిస్‌ను అతి తక్కువగా, స్వరం మొదట్లో ఒక్క క్షణం వచ్చేలా కలుపు, ఊదినట్టుంటుంది. స్వరం అర మెట్టు కింద మొదలై చప్పున ఎక్కేలా పిచ్‌కు ఒక ఎన్వలప్ ఇవ్వు. ఒకేసారి ఒక్క స్వరమే పలికే మోనో మోడ్, స్వరం నుంచి స్వరానికి జారే గ్లైడ్ కాస్త. సౌండును కొద్దిగా చిట్లించే డ్రైవ్ కొంచెం ఉంటే గరుకు వస్తుంది.

ఇంత చేశాక కూడా నాదస్వరం పలకడం నీ చేతిలో ఉంది, నాబ్‌లలో లేదు. నాదస్వరం అంటే గమకం. మెట్ల మీద మెట్లు నొక్కుకుంటూ పోతే ఎంత మంచి టోనైనా విజిల్‌గానే ఉంటుంది. స్వరాన్ని పైకీ కిందికీ లాగే పిచ్ బెండ్ వీల్ రేంజ్ రెండు మెట్లు పెట్టుకుని ఎడమ చేతితో ఆ వీల్‌ను, కుడి చేతితో స్వరాన్ని కలిపి సాధన చెయ్యి. కరవది నుంచి వెళ్లి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చిన మౌలానా రికార్డింగులు యూట్యూబ్‌లో ఉన్నాయి. ఒక చిన్న ఆలాపన ముక్క తీసుకుని స్వరం నుంచి స్వరానికి ఆయన ఎలా జారుతున్నారో గమనించు. మీ పక్కనే చిలకలూరిపేట, ఆ ఊరి నాదస్వర విద్వాంసుల పేరు తెలియని చోటు లేదు. వీలైతే ఒక పెళ్లిలో వాద్యం దగ్గర నిలబడి ప్రత్యక్షంగా విను, రికార్డులో రాని గాలి చప్పుడు అక్కడ వినిపిస్తుంది. ఇంకొకటి, ఆ టోన్ పెట్టుకుని కార్డ్స్ వాయించకు. ఒక్కసారి ఒకే స్వరం. ఇద్దరు నాదస్వరకారులు కూర్చున్నా ఒకే పాటను కలిసి ఊదుతారు గానీ సి మేజర్ పట్టరు.

చర్చి విషయం నువ్వు అడగలేదు, అయినా నేనే చెప్తున్నాను. ప్రార్థన జరుగుతున్నప్పుడు వెనక ప్యాడ్ పట్టుకుంటావు కదా. చాలామంది మెరిసే స్ట్రింగ్స్ పెట్టి పాస్టర్‌గారి మాటను ముంచేస్తుంటారు. మాటలో హల్లులు స్పష్టంగా వినపడాలంటే 1000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్య చోటు ఖాళీగా ఉండాలి. వాల్యూమ్ తగ్గించే బదులు కటాఫ్ తగ్గించు. ప్యాడ్ నిండుగానే ఉంటుంది, మాట కూడా వినపడుతుంది. అటాక్ అర సెకను, రిలీజ్ ఒక సెకను నుంచి ఒకటిన్నర. పాట మొదలయ్యేసరికి రిలీజ్ తగ్గించుకోవడం మరిచిపోకు, లేకపోతే పోయిన కార్డు వచ్చే కార్డులోకి కారుతూనే ఉంటుంది. పాట ఎత్తుకునేటప్పుడు కటాఫ్‌ను నెమ్మదిగా తెరిస్తే ఎవరూ ఏమీ చేయకుండానే హాలంతా లేచినట్టుంటుంది. నీ నాబ్‌కు అంతకంటే మంచి వాడకం నాకు తెలియదు.

కల్యాణ మండపాల్లో ఎకో ఎలాగూ ఉంటుంది, కీబోర్డులో రివర్బ్ బాగా తగ్గించు. మైక్ సెట్ వాళ్లు ఒక్క కేబులే ఇస్తే ఎల్/మోనో అని రాసి ఉన్న జాక్‌లోనే పెట్టు, రైట్‌లో పెడితే కొన్ని టోన్లలో సగం సౌండే బయటికి వెళ్తుంది.

ఇప్పుడు కొనడం గురించి. మీ బాబాయి చెప్పినట్టు టోన్లు ఎక్కువున్న కీబోర్డు కొంటే ఇప్పుడు నువ్వున్న చోటే ఉంటావు, జాబితా మాత్రం పొడుగవుతుంది. ఆర్కెస్ట్రా అన్న చెప్పిన అనలాగ్ సింథ్ నేర్చుకోవడానికి గొప్ప వస్తువే, కాదనను. కానీ ఉదాహరణకు 2016లో వచ్చిన కోర్గ్ మినీలాగ్ చూడు. మెట్లు 37, అవి కూడా సన్నవి. ఒకేసారి నాలుగు స్వరాలే పలుకుతుంది. ఎడమ చేత్తో కార్డు పట్టి కుడి చేత్తో లీడ్ వాయించే నీ పనికి అది ఒక్కటే సరిపోదు, పక్కన ఇప్పుడున్న కీబోర్డు ఎలాగూ ఉండాలి. రెండు కీబోర్డులు, ఒక స్టాండు, ఆటో ఛార్జీ అన్నీ లెక్కేసుకో.

నన్నడిగితే ఇప్పుడు ఏమీ కొనకు. ఇంట్లో లాప్‌టాప్ ఉంటే వైటల్ గానీ సర్జ్ ఎక్స్‌టీ గానీ దింపుకో. వైటల్ మామూలు వెర్షన్‌కు డబ్బు కట్టక్కర్లేదు, సర్జ్ పూర్తిగా ఉచితం. రెండూ వేరే సాఫ్ట్‌వేర్ లేకుండా విడిగా నడుస్తాయి. మొదటి నెల వైటల్‌తో మొదలుపెట్టు, అందులో ఫిల్టర్ గీత, ఎన్వలప్, ఎల్ఎఫ్ఓ కదులుతూ కంటికి కనిపిస్తాయి. నీ కీబోర్డుకు యూఎస్‌బీ పోర్టు ఉంటే ప్రింటర్‌కు వాడే రకం కేబులే సాధారణంగా సరిపోతుంది. మెట్టు నొక్కాక సౌండు ఆలస్యంగా వస్తే బఫర్, అంటే లాప్‌టాప్ సౌండును వదిలేముందు పోగుచేసుకునే ముక్క, తగ్గించు. 44,100 శాంపిల్ రేటు మీద 256 బఫర్ అంటే సుమారు 6 మిల్లీసెకన్లు, వేలికి తెలియదు. విండోస్ లాప్‌టాప్ అయితే ఏసియో ఫర్ ఆల్ అనే ఉచిత డ్రైవర్ వేసుకుంటే చాలావరకు ఆ బాధ పోతుంది.

దాంట్లో ఉన్న రెడీమేడ్ టోన్లు తెరవకు. ఇనిట్ అనే ఖాళీ ప్యాచ్ (టోన్) తెరువు, ఒక్క సా టూత్ గరగరమంటూ ఉంటుంది. ఒక పూట ఫిల్టర్ ఒక్కటే. ఇంకో పూట వాల్యూమ్ ఎన్వలప్ ఒక్కటే. ఆ తర్వాత ఫిల్టర్ ఎన్వలప్. ఒకేసారి రెండు నాబ్‌లు తిప్పితే ఏది ఏం చేసిందో తెలియదు. చేసిన ప్రతి దాన్నీ సేవ్ చేసి, ఏ పాటలో ఎక్కడ వాడతావో ఆ పేరే పెట్టు. "న్యూ లీడ్ 7" అని పెట్టుకుంటే స్టేజీ మీద వెతుక్కోలేవు. లాప్‌టాప్‌ను మాత్రం ఇప్పుడే పెళ్లిళ్లకు తీసుకెళ్లకు. కరెంటు పోయి జనరేటర్ మీదికి మారేటప్పుడు, పైన పూలు, అక్షతలు పడేటప్పుడు అది దానికి తగిన చోటు కాదు. ఇంట్లో నేర్చుకున్న సంగతులను నీ కీబోర్డు మీది ఆ నాలుగు నాబ్‌లతో స్టేజీ మీద వాడు. ఆరు నెలల తర్వాత కూడా నాలుగు నాబ్‌లు చాలడం లేదని నీకనిపిస్తే, అప్పుడు ఏ నాబ్ కావాలో నీకే తెలుస్తుంది కాబట్టి ఏ సింథ్ కొనాలో మళ్లీ రాయి.